పంతుళ్లకు పంతులు

సంక్రాంతి వెళ్లిన మరునాడో, వేసవి సెలవులలోనో మన కోనసీమలో ఏ ఊరి హైస్కూలు ముంగిటికి వెళ్లినను ఒక షామియానా కనబడును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొన్ని సంవత్సరములుగా ఇది ఒక ఆచారమే అయిపోయినది. పాతిక ముప్పది ఏండ్ల క్రిందట పదియవ తరగతి కలిసి చదివినవారు హైదరాబాదునుండి, విశాఖపట్టణమునుండి, కువైటు మస్కట్టులనుండి వచ్చి, ఒక్క దినము మరల పిల్లలై, తమకు చదువు చెప్పిన మాస్టార్లను వెదకి తీసికొనివచ్చి కుర్చీలలో కూర్చుండబెట్టుదురు. మెడలో దండ, భుజముమీద శాలువ, చేతిలో జ్ఞాపిక. మే నెల ఎండలో ఎనుబదియేండ్ల పెద్దాయనకు శాలువ కప్పుట న్యాయమా అని నాకు అప్పుడప్పుడు తోచును గాని, ఆయన ముఖము చూచినయెడల ఆ మాట అనబుద్ధి కాదు. ప్రార్థనతో ఆరంభింపుమని పాస్టరును పిలుచు సభలును కొన్ని గలవు గనుక ఇట్టివి నేను చాలా చూచితిని.

ఆ కుర్చీల వరుసలో లెక్కల మాస్టారు ఉందురు, ఇంగ్లీషు మాస్టారు ఉందురు, బెత్తము పట్టిన డ్రిల్లు మాస్టారు ఉందురు. ఆ బెత్తమును తలంచుకొనియే శిష్యులు ఎక్కువగా నవ్వుదురు. అక్షరములు దిద్దించిన ఎలిమెంటరీ స్కూలు పంతులుగారు ఆ వరుసలో అరుదు. ఇక ఆ పంతులుగారికి పాఠము చెప్పుట నేర్పిన ట్రైనింగు స్కూలు సంగతి ఎవరి ప్రసంగములోను రాదు. పంతుళ్లకును ఒక పంతులు ఉండెను గదా! ఆయనను గూర్చి కొంత విచారింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఉపాధ్యాయులకు జరుగు సత్కారములు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి ప్రభుత్వము ఇచ్చునది. కేంద్ర ప్రభుత్వము 1958లో జాతీయ ఉపాధ్యాయ బహుమతులను ఏర్పరచెను. నేడు దానితో ఒక యోగ్యతాపత్రము, వెండి పతకము, 50,000 రూపాయలు ఇచ్చుచున్నారు. 2018నుండి దీనికొరకు ఉపాధ్యాయుడే తన పేరు తాను పంపుకొనవలెను. సిఫారసుల బెడద తగ్గించుటకు ఈ మార్పు చేసిరి. అందులో మేలు లేకపోలేదు. అయినను తన గొప్పతనమును తానే కాగితములమీద పెట్టి, ఫొటోలు జతచేసి పంపుట సిగ్గరియైన మంచి పంతులుకు ఎంత కష్టమో మీరే ఊహింపవచ్చును. అట్టివారు ఆ దరఖాస్తు జోలికే పోరు.

రెండవది శిష్యులు అడుగకయే ఇచ్చునది. మద్రాసు క్రైస్తవ కళాశాల ప్రిన్సిపాలు విలియం మిల్లరు దొరగారికి ఆయన జీవించియుండగానే, 1901లో, మద్రాసు నగరములో విగ్రహము నిలిపిరి. చదువు చెప్పిన మిషనెరీకి బ్రదికియుండగానే విగ్రహమెత్తుట ఆ దినములలో చిన్న సంగతి కాదు. అదే కళాశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1921లో మైసూరు విడిచి కలకత్తాకు పోవునప్పుడు, విద్యార్థులు ఆయన బండిని పూలతో అలంకరించి, గుఱ్ఱములకు బదులుగా తామే లాగుకొని రైలు స్టేషనుకు తీసికొనిపోయిరి. ఆయన రాష్ట్రపతియైన 1962నుండి ఆయన పుట్టినదినమగు సెప్టెంబరు 5 మనకు ఉపాధ్యాయ దినోత్సవమైనది. కొంతకాలము మన రాజమహేంద్రవరము ఆర్ట్స్ కళాశాలలోను ఆయన పాఠము చెప్పియుండెను.

అంతటి పండితుడు సహితము పాఠము చెప్పు విద్యను వేరుగా నేర్చుకొనుటకు 1910లో మద్రాసు సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలో చేరవలసివచ్చెను. తత్త్వశాస్త్రములో ఎం.ఏ. ఉన్నంతమాత్రమున సరిపోదని ఆనాటి నియమము. ఆ సైదాపేట కళాశాల 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు అను పేరుతో మొదలైనది. దానికి రెండు సంవత్సరములు ముందు, 1854లో, ఇంగ్లండునుండి వచ్చిన ఉడ్ దొరగారి విద్యాశాసనము ఈ దేశములో ఉపాధ్యాయులకు శిక్షణ బడులు ఉండవలెననియు, మిషనులు మొదలగువారు నడుపు బడులకు ప్రభుత్వము గ్రాంటు ఇయ్యవలెననియు చెప్పెను. ఈ రెండు మాటలు ఎక్కడో సముద్రము ఆవల వ్రాయబడినవే గాని, వాటి ఫలితము గౌతమీ వసిష్ఠల మధ్యనున్న మన పేటలవరకు వచ్చెను.

ఇక్కడ ఒక చిన్న విశేషము చెప్పక పోలేను. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారిగానుండిన ఆండ్రూ బెల్ అను పాదిరిగారు, మన వీధిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, పెద్ద పిల్లవాడు చిన్న పిల్లలకు చెప్పుటయు చూచి ఆశ్చర్యపడెను. ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో ఇంగ్లండులో దానినిగూర్చి పుస్తకము అచ్చువేసెను. మద్రాసు పద్ధతి అను పేరుతో అది ఆ దేశపు బీదపిల్లల బడులలో వ్యాపించెను. కాబట్టి చదువు చెప్పు విద్య అంతయు దొరలు పడవలో తెచ్చిరని ఎవరును అనుకొనవద్దు. మన ఇసుక ముందు వారి ఊరికి పోయెను.

అయితే ఆ వీధి అరుగుమీదికి మన తాతలకు ప్రవేశము లేదు. చదువరులలో చాలమందికి ఇది ఎవరో చెప్పిన కథ కాదు, ఇంటి సంగతియే.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారితోకూడ ఇంగ్లండునుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడెను, జార్జి బీరు అనువారు తమ భార్యలతో గోదావరి తీరమున నర్సాపురమును తమ స్థానముగా చేసికొనిరి. సఖినేటిపల్లి రేవునుండి పంటు ఎక్కినచో అవతలి గట్టే నర్సాపురము. తరువాత కాటను దొరగారి ఆనకట్ట ధవళేశ్వరమువద్ద 1847నుండి 1852వరకు కట్టబడినప్పుడు అక్కడ చేరిన కూలిజనము మధ్యను వీరు సువార్త చెప్పిరి. ఆనకట్ట నీరు కాలువలవెంట వచ్చి, గన్నవరము అక్విడక్టుమీదుగా నగరము లంకకు చేరి, రైతు ఇల్లు వరితోను కొబ్బరితోను నింపెను. ఆ చేలలో ఊడ్చి కోసినవారి ఇంటిలో మాత్రము పుస్తకము లేదు, దీపము లేదు. ఆ ఇండ్లవారు క్రీస్తును నమ్మినప్పుడు ఒక కష్టము కలిగెను. వేదము చేతికిచ్చినను చదువగలవారు ఏరీ? ఒక్కొక్క పేటకు ఒక పంతులు కావలెను. అంటరానివారని త్రోసివేయబడిన పేటలోనికి అడుగుపెట్టి పాఠము చెప్పుటకు ఊరిలోని చదువుకున్నవారు రారు. వచ్చెదనన్నను వారి బంధువులు రానియ్యరు.

కావున పేటకు పంతులు పేటనుండియే పుట్టవలెను. మిషనులు బోర్డింగు స్కూళ్లు పెట్టుటకును, వాటి ప్రక్కన ట్రైనింగు స్కూళ్లు పెట్టుటకును మూలకారణము ఇదియే అని నా తలంపు. దయాధర్మమను మాట పిమ్మట చెప్పవచ్చును. ముందు అవసరము తోసినది. పిల్లవాని పేటనుండి తీసికొనిపోయి, అన్నము పెట్టి, చదివించి, పాఠము చెప్పుట నేర్పి, సర్టిఫికేటు చేతికిచ్చి మరల పేటకే పంపవలెను. సర్టిఫికేటు లేని పంతులున్న బడికి గ్రాంటు వచ్చుట కష్టము. ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి ఉన్న కాలములో ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను ఒక్కొక్కరిని పరీక్షించును. ఎంతమంది నెగ్గిరో అంత సొమ్ము. పేట పిల్లవాడు వరికోతలకు పోయి పరీక్షనాడు రానియెడల పంతులుగారి జీతమునకే చేటు. అందుచేత ఆయన తెల్లవారకముందే గడపగడపకు తిరిగి పిల్లలను లేపెను. కోడికూతకంటె ముందు మా పంతులు కూత అని పేటలో ముసలివారు నవ్వుచు చెప్పగా నేను వింటిని.

ఆ ట్రైనింగు స్కూలులో ఏమి నేర్పిరి? పాత పంతుళ్లు చెప్పగా విన్నంతలో ఇట్లుండెను. చింతపిక్కలతో కూడిక తీసివేత చూపుట; నల్లబల్లమీద వరుస తప్పక గుండ్రముగా వ్రాయుట; రేపటి పాఠమునకు ఈ రాత్రియే నోట్సు వ్రాసికొనుట; పద్యమును రాగముతో చెప్పించుట; ప్రక్కనే ఉన్న మోడల్ స్కూలులో తోటివారు గోడకానుకొని చూచుచుండగా నిజమైన పిల్లలకు పాఠము చెప్పుట. పాఠము ముగిసినతరువాత ఆ తోటివారే లేచి తప్పులు చెప్పుదురు. ఈ చివరిది అందరికిని హడలు. అన్నిటికంటె గొప్ప విద్య మరియొకటి గలదు: ఒకే గదిలో, ఒకే మనిషి, అయిదు తరగతులను నడుపుట. ఒకటవ తరగతి ఇసుకలో దిద్దుచుండగా, మూడవ తరగతి ఎక్కములు అప్పజెప్పుచుండగా, అయిదవ తరగతివానిచేత రెండవ తరగతికి చెప్పించుట. బెల్ పాదిరిగారు చూచి మురిసినదే ఇది, చుట్టు తిరిగి ఇంటికి వచ్చినది. సెమినరీలో నాకు ప్రసంగశాస్త్రము నేర్పిరి గాని, ఏకకాలమందు అయిదు వయస్సులవారికి అర్థమగునట్లు మాటలాడుట నేర్పలేదు. ఆదివారము గుడిలో ఆ లోటు నాకు తెలియుచునే ఉండును.

వారమంతయు పలక పట్టించిన ఆ పంతులే ఆదివారము ఉపదేశియై వాక్యము చెప్పెను. బడియే గుడి. బల్లలు వాకిట పెట్టి చాపలు పరచినచో ఆరాధన. రంగూను పోయినవాని ఉత్తరము చదివినది ఆయన, దానికి జవాబు వ్రాసినది ఆయన, రైతు చూపిన ప్రోనోటు పైకి చదివి దానిలో ఏమున్నదో వేలిముద్ర పడకముందే చెప్పినది ఆయన. ఈ చివరి పనివలన ఆయనకు ఊరిలో మిత్రులు తగ్గియుందురు.

అట్టి పంతుళ్లకు పంతులుగా పనిచేసినవారిలో మనమందరము ఎరిగిన పేరు ఒకటి గలదు. అయితే ఆ పేరు చెప్పగానే ఈ పని ఎవరికిని గుర్తు రాదు. గుఱ్ఱం జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టి, పూటకూటికి నానాపాట్లు పడి, రాజమహేంద్రవరములో మూగసినిమాలకు ప్రక్కన నిలిచి కథ చెప్పి, పిదప గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఇంచుమించు పది సంవత్సరములు, 1928వరకు, పాఠము చెప్పిరి. మహాకవియని పిలుచునప్పుడు ఆ పదేండ్లను మనము మరచిపోవుదుము. ఆ గదిలో ఆయనయెదుట కూర్చున్నవారు రేపు ఏదో ఒక పల్లెలో పలక పట్టించవలసినవారు. తెలుగు పద్యమును ఆయన నోట విని వెళ్లినవారు దానిని ఎన్ని పేటలకు మోసికొనిపోయిరో లెక్క వేయగలవారు లేరు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమి బహుమతి, 1970లో పద్మభూషణ బిరుదు వచ్చెను. వాటికంటె ముందే, తిరుపతి వేంకట కవులలో ఒకరై, తానును జీవితమంతయు శిష్యులను తయారుచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు నిండుసభలో వంగి జాషువాగారి కాలికి గండపెండేరము తొడిగిరి. ఆ కాలిని ముట్టుకొనకూడదని శాసించిన సమాజములో పెద్ద బ్రాహ్మణ గురువు ఆ పని చేసెను. నేను ఎన్ని శాలువలు చూచినను ఆ వంగిన నడుముకు సాటి చూడలేదు.

గుంటూరునుండి మరల మన జిల్లాకు రండి. రాజమహేంద్రవరము శిక్షణ కళాశాలలో జరిగిన కథ వేరు రకమైనది. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్ర పాలు గారు ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలుగు చేసి చెప్పిరి. విద్యార్థులు వందేమాతర పతకములు ధరించి తరగతులకు పోగా ప్రిన్సిపాలు మార్క్ హంటరు దొరగారికి కోపము వచ్చెను. ఆ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెళ్లగొట్టి, సర్కారు ఉద్యోగమునకు అనర్హుని చేసిరి. ఎం.ఏ. చదివి, ఒక బడిలో పంతులు కావలెనని వచ్చిన యువకుడు ఆయన. మరుసటి సంవత్సరమే స్వరాజ్య పత్రికలో వ్రాతకు జైలుకును పోయెను. బడిలో పాఠము చెప్పు దారి మూసివేయబడినప్పుడు బడికి వెలుపలనున్న జనమును ఆయన పట్టుకొనెను. గ్రంథాలయోద్యమము, రాత్రిబడులు, వయోజన విద్య, 1960లో కన్నుమూయువరకు ఆయన చేతిపనియంతయు ఇదియే. మీ ఊరి గ్రంథాలయములో సాయంకాలము పేపరు చదువు ముసలివానికి ఆ గాడిచర్లవారు ఒక విధముగా పంతులే. ఆ కళాశాల తన పట్టికలోనుండి కొట్టివేసిన పేరే దానికి వన్నె తెచ్చుట చూడగా, ఏ విద్యాలయమైనను తన ఉత్తమ విద్యార్థి యెవరో అదే సంవత్సరములో తేల్చుకొనుట తొందరపాటేనని తోచుచున్నది.

పైన చెప్పిన మిల్లరు దొరగారి శిష్యులలో ఒకరైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904లో కాకినాడ పిఠాపురము రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చునప్పుడు బాలికలకును పంచమ బాలురకును ప్రవేశమిచ్చినగాని రానని పట్టుపట్టి నెగ్గిరి. ఆయన బ్రహ్మసమాజమువారు, మన సంఘమువారు కారు. తలుపు తీసిన చేయి ఎవరిదైనను లోపలికి వెళ్లిన పిల్లవానికి ఆ తలుపు తలుపే.

ఆ తలుపులు ఒక్కొక్కటిగా తెరచుకొనుచున్న కాలములో, 1911లో, మన రాజోలు తాలూకా మామిడికుదురులో బోయి భీమన్నగారు ఒక బీద కూలివారి ఇంట పుట్టిరి. చదువుకొని పట్టభద్రుడై, ఉపాధ్యాయ శిక్షణయు పొంది, కొంతకాలము బడిపంతులుగా పనిచేసిరి. పాలేరు అను వారి నాటకములో రైతు ఇంట పశువులు కాయు కుఱ్ఱవాడు చదువుకొని అధికారియగును. ఇప్పుడు వినుటకు ఇది మామూలు కథ. ఆ దినములలో ఆ నాటకము పల్లెపల్లెకు ఆడగా, రాత్రి చూచిన తండ్రి తెల్లవారి కొడుకును రైతువద్ద పాలికాపుతనము మాన్పించి బడికి పంపెనని మన ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. 1973లో పద్మశ్రీ, 1975లో సాహిత్య అకాడమి బహుమతి, 2001లో పద్మభూషణము ఆయనకు వచ్చెను, 2005లో మరణించిరి. నాటకమునకు చప్పట్లు కొట్టినవాడు మరునాడు బిడ్డ చేతికి పలక ఇచ్చుటకంటె ఒక పంతులుకు వేరే సన్మానమేమి కావలెను?

ఇప్పటి సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1986 జాతీయ విద్యావిధానము పిమ్మట జిల్లాకొక శిక్షణ సంస్థ చొప్పున ఏర్పడినవి. మన తూర్పు గోదావరికి బొమ్మూరులో ఉన్నది. చిన్నపిల్లలకు చెప్పుటకు పెద్ద చదువున్న బి.ఎడ్. వారైనను చాలునని 2018లో ఒక ఉత్తర్వు వచ్చెను. దానిని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టివేసి, ప్రాథమిక తరగతులకు ఆ తరగతుల కొరకే శిక్షణ పొందినవారు కావలెనని తీర్పు చెప్పెను. చింతపిక్కలతో లెక్క నేర్పుట తక్కువ విద్య కాదు, వేరు విద్య అని ఆ పాత ట్రైనింగు స్కూళ్లు ఎరిగిన సంగతినే న్యాయమూర్తులు చెప్పిరి. బి.ఎడ్. చేసి ఆశపెట్టుకొన్న బిడ్డలు మన సంఘములలోను ఉన్నారు. వారికి ఆ తీర్పు దెబ్బయే. వారి నొప్పి నేను కాదనను. అయినను పసిపిల్లల పక్షమున అది సరియైన తీర్పని నా అభిప్రాయము.

మిషను ఎలిమెంటరీ స్కూళ్ల మాట ఎత్తవలెనంటే మనస్సు బరువెక్కును. 2021లో రాష్ట్ర ప్రభుత్వము ఎయిడెడ్ విద్యాలయముల సిబ్బందిని తన సర్వీసులోనికి తీసికొనుటకు పూనుకొనగా పలు యాజమాన్యములు సమ్మతించెను. అంతకుముందే చాల పేటలలో పిల్లలు తగ్గిపోయిరి. ఉదయము పసుపుపచ్చ బస్సు వచ్చి వారిని ఇంగ్లీషు మీడియమునకు ఎక్కించుకొనిపోవుచున్నది. తలిదండ్రులను నిందింపను, నా పిల్లలును ఆ బస్సే ఎక్కిరి. కాని బడి మూసినప్పుడు దాని రిజిష్టర్లు ఎక్కడికి పోయెనో మీ ఊరిలో విచారించితిరా? కొన్ని చెదలు తినెను, కొన్ని పాత కాగితముల బండివానికి పోయెను. అక్కడ పనిచేసిన పంతుళ్ల పేర్లు ఆ పుస్తకములలోనే తప్ప మరియెచ్చటను లేవు.

సంఘముల పెద్దలకు నా మనవి ఒకటి. వచ్చు సంక్రాంతికి మీ పిల్లలు కూడుకొనునప్పుడు హైస్కూలు మాస్టార్ల ప్రక్కన ఆ పేట పంతులుగారికి, ఆయన లేనియెడల ఆయన భార్యకైనను, ఒక కుర్చీ వేయించుడి. ఆమెలో అనేకులు తామును అదే బడిలో ఆడపిల్లలకు కుట్టుపనియు అక్షరములును చెప్పినవారే, జీతము లేకుండ. ఆమెను అడిగి ఆయన ఏ ట్రైనింగు స్కూలులో, ఏ సంవత్సరము చదివెనో వ్రాసియుంచుడి. ముసలివారు ఉండగానే ఈ పని జరుగవలెను.

పేర్లు దొరకవని చెప్పువారికి ఒక దారి చూపెదను. గుడిలో బీరువా అడుగున వివాహముల రిజిష్టరు ఉండును; పాతదానిని తీయించుడి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వ్రాయు ఆ పుస్తకములో ప్రతి పెండ్లికి వృత్తి అని ఒక గడి గలదు. నేను పనిచేసిన ఒక సంఘములో దానిని వరుసగా చూచితిని. పుటలకు పుటలు ఆ గడిలో ఒకే మాట, కూలి. వరుడు వేలిముద్ర, వధువు వేలిముద్ర, సాక్షులు వేలిముద్రలు. అట్లు పోవుచుండగా ఒక పుటలో ఆ గడిలో టీచరు అని ఉన్నది. వరుని తండ్రి పేరు చూచి వెనుకకు త్రిప్పగా, ఆ తండ్రి పెండ్లియు అదే పుస్తకములో దొరికెను. ఆయన కూలి, వేలిముద్ర. కుమారుడు గుండ్రని అక్షరములతో, నల్లబల్లమీద వ్రాసినట్లే వరుస తప్పకుండ, సంతకము చేసియున్నాడు. అక్కడినుండి మరి నాలుగైదు పెండ్లిండ్లు దాటినతరువాత సాక్షుల గడిలోను సంతకములు కనబడసాగెను. ఆ సంతకములలో సగము ఆయన దస్తూరివలెనే గుండ్రముగా ఉన్నవి.